అరవై రెండు గజాల తుంపర

పొద్దున ఆరున్నరకల్లా యశోద రెండు మల్లెపూల గంపలను మేడ మీదికి చేరవేసేది. కట్టిన దండలను తడిగుడ్డలో చుట్టి, అక్కడ కిరాయికుండే కరుణ గది ముందు తుంపర పడే చోట వరుసగా పేర్చేది. మిగతావాళ్ల పూలు పదకొండింటికే వాడిపోతే ఆమె మల్లెలు పొద్దుగూకేదాకా తెల్లగా ఉండేవి. మిర్యాలగూడ మార్కెట్లో వాటికి జర్మనీ పూలని పేరు.

స్లాబు మొత్తం ఎనభై గజాలు. తుంపర పడేది అరవై రెండు గజాల్లోనే. కావాలంటే మేస్త్రి గోపిని అడగొచ్చు, టేపు పెట్టి కొలిచింది అతనే. మిగిలిన పద్దెనిమిది గజాల్లో ఎప్పుడూ ఎండే. అక్కడ యశోద మిరపకాయలు ఆరబోసేది. ఒక కాలు మిరపకాయల దగ్గర, ఒక కాలు వానలో పెట్టి నిలబడటం వీధి పిల్లలకు కొన్నాళ్లు ఆటయింది. తర్వాత అదీ మానేశారు.

కరుణది కోదాడ. సూర్యాపేటలో నర్సింగ్ చదివి, జర్మనీలో ఓ చిన్న పట్నానికి వెళ్లింది. అక్కడి ఆసుపత్రిలో మూడేళ్లు సహాయకురాలిగా చేసింది. పూర్తి నర్సు కావాలంటే వాళ్ల భాషలో పరీక్ష గట్టెక్కాలి. మూడుసార్లు రాసింది. మూడోసారి నాలుగు మార్కులు తగ్గాయి, దాంతో వీసా గడువూ తీరింది. జనవరిలో దిగింది గానీ కోదాడ పోలేదు. అక్కడ ప్రతి గుమ్మంలోనూ ఎందుకు తిరిగొచ్చావన్న ప్రశ్నే ఎదురవుతుంది. మిర్యాలగూడలో యశోద వాళ్ల మేడ మీద రేకుల గది కిరాయికి తీసుకుంది. ఆమె వచ్చిన మూడో రోజు స్లాబు మీద, జర్మనీలో కురిసినట్టే, మంచు కురిసింది; అది పోయాక ఈ తుంపర పట్టుకుంది. యశోద చేటతో ఎత్తి సందులో పోసి, "ఆ దేశంల ఇంత సలెట్ల ఓర్సుకున్నవే," అని మాత్రం అంది.

వచ్చిన వారానికి కరుణ తన తెల్ల యూనిఫాం ఉతికి, గది ముందరి తీగ మీద వేసింది. అది ఆరలేదు. ఫిబ్రవరిలో ఆరలేదు, మార్చిలోనూ ఆరలేదు.

"బస్టాండు కాడి దవాఖానల నర్సులు కావాలంటున్నరు, పోయి అడుగరాదా చెల్లె?" అనేది యశోద.

"డ్రెస్ ఆరలే అక్కా."

"గా పక్కన ఎండ ఉండె గదా. మిరపకాయల కాడ ఎయ్యి."

కరుణ డ్రెస్‌ను మళ్లీ అదే తీగ మీద తిప్పి వేసేది. యశోద భర్త పరశురాములు రైసుమిల్లులో హమాలీ. పనికి పోతూ కిందినుంచి కేకేసేవాడు. "మర్దలా, జర్మనీల ఇయ్యాల మబ్బేనా?"

"మబ్బే బావా."

"మరి నాకింత పార్సిల్ కట్టు, మిల్లుకు తీస్కపోత."

అలా అని ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ తుంపరను వదిలించుకోవాలని ఫిబ్రవరి నాలుగున బస్సెక్కి సూర్యాపేట వెళ్లింది. నర్సింగ్‌లో తనతో చదివిన అనురాధ అక్కడ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతోంది. పాస్‌పోర్టులు, వీసాలు, పరదేశం కాగితాలు ఆమె పని.

"జర్మనీల కిరాయి ఇల్లు ఇడిసిన, కరెంటు బంద్ చేయించిన, ఫోన్ బంద్ చేయించిన," అంది కరుణ. "ఒక్క ఇన్సూరెన్స్ ఉండిపోయింది. గాడ కిరాయికున్నోళ్లు కూడా ఇంటి సామానుకు ఇన్సూరెన్స్ కడ్తరు. పైపు పగిలి మంచం తడిసిందనుకో, దాని పైసలు ఇస్తరు."

అనురాధ పాలసీ తెరిచి, పేజీలు జరుపుతూ ఒకచోట ఆగింది. "ఇగో, గీడ రాసి ఉంది. నువ్వు ఇల్లు మారితే పాలసీ గూడ నీ ఎంబడే కొత్త ఇంటికి వస్తదంట. గాడి వాన గూడ దాంతోనే వచ్చినట్టుంది. యాభై రెండు చదరపు మీటర్లు." క్యాలిక్యులేటర్ మీద నాలుగుసార్లు నొక్కింది. "అరవై రెండు గజాలు. మీ మేస్త్రి టేపు కరెక్టే."

"నాకు రద్దు గావాలె."

"ఆ దేశమే ఇడిసిపెట్టినవని గాడి ఊరి ఆఫీసు కాయితం పెట్టాలె. వచ్చేటప్పుడు తెచ్చుకోలే?"

"ఆ ఆఫీసుల ఎవ్వలికీ చెప్పకుండ వచ్చిన."

అనురాధ ఆమె ముఖం ఒకసారి చూసి, మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. "పాలసీకి ఏడాది నిండే దినానికి మూడు నెలల ముందే ఉత్తరం వాళ్లకు ముట్టాలె. నీ ఏడాది జూన్ ఒకటికి నిండుతది. అంటే ఫిబ్రవరి ఆఖరుకు ఉత్తరం గాడ ఉండాలె. ఇరవై నాలుగు దినాలున్నయి. ఆఫీసు కాయితానికి ఆరు, రిజిస్టర్ పోస్టుకు పద్నాలుగు. నాలుగు మిగులుతయి. సాలు. నీకు పోవాల్నని మాత్రం గట్టిగ ఉందా?"

"ఏది పోవాల్నని?"

"వాన."

"ఉంది," అంది కరుణ.

ఉత్తరం రెండు రోజుల ముందే ముట్టింది. మార్చి రెండో వారంలో జవాబు వచ్చింది. జూన్ ఒకటి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు పాలసీ రద్దు. అనురాధ ఫోన్లో చదివి వినిపించింది. కరుణ కిందికి దిగి యశోదకు చెప్పింది.

యశోద పూలు కట్టే చెయ్యి ఆపలేదు. "నీ వాన నీ ఇష్టం చెల్లె. నా మల్లెలదేముంది, అందరి తీర్గనే వాడిపోతయి." దారం పంటితో తెంపి, మెల్లగా అడిగింది. "వాన పోయినంక ఏమంటవు మరి? అప్పుడు డ్రెస్ ఆరుతది గదా."

ఆ మాట కరుణను ఏప్రిల్ అంతా వెంటాడింది. తీగ మీది యూనిఫాంను రోజూ చూసేది. మేడ మీద పన్నెండు డిగ్రీలు, మెట్లు దిగితే నలభై రెండు. మధ్యలో ఉన్నవి పదిహేడు మెట్లు. కూరగాయలకు దిగడం, ఎక్కడం, అంతే. నాలుగు మార్కులు తగ్గిన మనిషి చేతికి రోగిని ఎవరు అప్పగిస్తారు? ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే అడుక్కునేది.

జూన్ ఒకటి వచ్చింది. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. పదకొండున్నరకే యశోద పూల గంపలు కిందికి దించి, నీళ్లు చల్లి, గోనెపట్టా కప్పింది. పన్నెండవుతుంటే కరుణ కూడా కిందికి వచ్చి అరుగు మీద కూర్చుంది. తుంపర ఆగిపోవడం కళ్లారా చూడాలని ఆమెకు అనిపించలేదు.

పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు ఆటో వచ్చి ఆగింది. ఇద్దరు హమాలీలు పరశురాములును మోసుకుంటూ దించారు. వడ్లు ఆరబోసే కళ్లంలో పడిపోయాడట. ఒళ్లు పొడిగా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్లు సగం మూతపడి ఉన్నాయి. ఎవరితోనో బస్తాల లెక్క మాట్లాడుతున్నాడు.

కరుణ అతని మెడ మీద చెయ్యి వేసి, యశోద ఇంట్లోకి పరుగెత్తి థర్మామీటర్ తెచ్చింది. నూట ఆరు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే, నిడమనూరు నుంచి రావాలి, ముప్పావుగంట అన్నారు.

"ఆటోలనే దవాఖానకు తీస్కపోదాం," అంది యశోద.

"వద్దక్కా. ఈ ఎండల ఆటోలేస్తే ఇంకా పెరుగుతది. ముందు ఒళ్లు సల్లార్చాలె. మేడ మీదికి ఎక్కియ్యుండ్రి."

"మేడ మీద ఇంకేముందే? పన్నెండుకే ఖతమాయె గదా."

"ఆగినా స్లాబింకా తడిగనే ఉంటదక్కా," అంటూ కరుణ అప్పటికే సగం మెట్లు ఎక్కింది. పైమెట్టు మీద ఆగింది. తుంపర పడుతూనే ఉంది, ఎప్పటిలాగే, సన్నగా, చల్లగా. ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత లెక్క తట్టింది. పన్నెండు అన్నది అక్కడి పన్నెండు. అక్కడ ఇప్పుడు తొమ్మిది కూడా కాలేదు. ఇంకా మూడు గంటల పైన ఉంది.

"జల్ది తీస్కరాండ్రి," అంది కిందికి వంగి. ఆ గొంతు యశోద ఎన్నడూ వినలేదు.

పరశురాములును తుంపరలో పడుకోబెట్టారు. చొక్కా తీయించింది. మెడకు, చంకలకు తడిబట్ట కావాలి. చేతికందే దూరంలో తీగ మీద యూనిఫాం ఉంది, నాలుగున్నర నెలల తడితో, మంచుముక్కంత చల్లగా. లాగి, పంటితో కొరికి, కుట్టు వెంబడి దాని చేతులు రెండూ ఊడబెరికింది. చెరో చంకలో ఒకటి, మిగిలిన బట్ట మెడ చుట్టూ. హమాలీలను చెరోపక్క నిలబెట్టి చేటలతో విసరమంది. పది నిమిషాలకొకసారి థర్మామీటర్ చూసింది. నూట అయిదు. నూట మూడున్నర. నూట రెండు.

అక్కడ తడిబట్టలు తీయించింది, ఇంకా తగ్గితే వణుకు పుడుతుందని.

పరశురాములు కళ్లు తెరిచి ఆకాశం వైపు చూశాడు. తర్వాత భార్య వైపు. "సలి పెడ్తున్నదే. దుప్పటియ్యి."

రోహిణి కార్తెలో దుప్పటి అడిగిన మొగుణ్ని చూసి యశోద నవ్వబోయి ఏడ్చింది.

ఒంటిగంటా అయిదుకు అంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చినతను నాడి చూసి, "ఎవరు సల్లార్చింది?" అని అడిగాడు.

"నర్సమ్మ," అంది యశోద, వేలు చూపించి.

ఆ మాటను కరుణ కాదనలేదు.

వాళ్లంతా వెళ్లాక ఆమె ఒక్కతే మేడ మీద మిగిలింది. మూడు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల దాకా తుంపరలోనే కూర్చుంది. వెళ్లిపోయే చుట్టాన్ని బస్సెక్కించడానికి పోయిన మనిషిలా. మూడున్నరకు తుంపర ఆగింది. ఎనభై గజాల మీదా ఒకే ఎండ పడింది.

సూదీ దారం యశోద పూల గంపలో దొరికాయి. కరుణ యూనిఫాం చేతులు రెండూ తిరిగి కుట్టి, దాన్ని అదే తీగ మీద వేసింది. పావుగంటలో ఆరింది. మడత పెట్టి, దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు పొద్దున కరుణ యూనిఫాంలో, బస్టాండు దగ్గరి దవాఖానకని మెట్లు దిగుతుంటే, కింద యశోద తలెత్తి చూసింది. గంపలోంచి మూర మల్లెలు తెంపి ఆమె జడలో పెట్టింది.

"ఇవి పదకొండింటికే వాడిపోతయి చెల్లె," అంది.

"అప్పటికి నేను డ్యూటీల ఉంట," అంది కరుణ.