పదికి నాలుగు

పదకొండేళ్ళు తెనాలిలో టీచరుగా పనిచేసి, కొన్ని వేలమంది పిల్లలకు మార్కులు వేసినదాన్ని. అలాంటి నాకు, ఈ వసుమతికి, పదికి నాలుగు వేశారండీ! వేసింది పదకొండేళ్ళ పిల్ల, అదీ ఎర్ర పెన్నుతో. ఆ పెన్ను కూడా నాదే.

అది ఎనభై నాలుగు జనవరి. అప్పుడు మేం మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు మా బేస్‌మెంట్‌లో ఆరుగురు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. కొత్త సంవత్సరం కదా అని వాళ్ళకొక పందెం పెట్టాను. ఫిబ్రవరి ఆఖరుదాకా రోజుకో పేజీ, ఆ రోజు తమకు జరిగింది తెలుగులో రాయాలి. జరిగిందే రాయాలి, ఒక్కరోజు కూడా మానకూడదు.

జయంతి చెయ్యెత్తింది. వాళ్ళు ఒహాయో నుంచి మా వైపు వచ్చి రెండు నెలలే అయింది.

"ఆంటీ, మా స్కూల్లో టీచర్ కూడా రాస్తుంది. మేం చదివి కామెంట్ రాస్తాం. సో మీరు కూడా రాయాలి."

"రాయడానికి నాకేం భయం?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "కామెంటేమిటి, మార్కులే వెయ్యండి."

వారం తిరిగేసరికి నా నోట్‌బుక్ మీద ఆరు తలకాయలు వాలాయి. సోమవారం పప్పు, చారు, మంచు. మంగళవారం బట్టలు ఉతికాను, మంచు. బుధవారం ఆయన కారు తీసుకుని ఆఫీసుకు వెళ్ళారు, కిటికీలోంచి చూశాను. గురువారం కూడా చూశాను.

"ఏమీ జరగలేదు ఆంటీ. నాలుగు," అంది జయంతి.

"నాలుగు టూ మచ్," అన్నాడు జగదీష్. వీడు ఏడు రోజులూ 'నేను అన్నం తిన్నాను' అని రాసుకొచ్చిన ఘనుడు. పోనీలే పాపం అని నేను అయిదు వేశాను వాడికి!

ఒళ్ళు మండిపోయింది నాకు. మండి మాత్రం ఏం లాభం? పిల్లలు అన్నది నిజమే, నాకేమీ జరగదు. ఆ ఇంట్లో అది నాకు ఆరో చలికాలం. కారు నేర్పించండి మొర్రో అంటే మావారు శ్యామ్‌సుందర్, "స్ప్రింగ్ రానీ వసూ," అంటారు. స్ప్రింగ్ వస్తే "సమ్మర్ రానీ," అంటారు. ఆ సంగతి పిల్లలకు రాసి చూపించడానికి అభిమానం అడ్డొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది చిన్నప్పుడు నేను చదివిన మా తెనాలి బడి. పరీక్షలో 'నా విహారయాత్ర' అని వ్యాసం ఇచ్చేవారు. మా క్లాసులో నలభైమందిమీ మేనమామతో కొండపల్లి వెళ్ళాం, నలభైమందిమీ పులిహోర తిన్నాం, నలభైమందికీ సూర్యుడు బంగారు పళ్ళెంలానే కనిపించాడు. నిజానికి ఒక్కరం కూడా ఊరి పొలిమేర దాటలేదు. అది పంతులుగారికీ తెలుసు, అయినా మార్కులు వేసేవారు. వ్యాసంలో రాసింది అబద్ధం కిందికి రాదని మా లెక్క.

ఆ ధైర్యంతోనే కోతలు మొదలుపెట్టాను. "శనివారం ఆయన నిద్ర లేవకముందే కారు తాళాలు తీసుకుని ఒక్కదాన్నే సరస్సు దాకా వెళ్ళాను. దారిలో జింక అడ్డం వచ్చింది. బ్రేకు వేస్తే కారు మంచు మీద గిర్రున తిరిగింది. నేను బెదరలేదు."

పదికి పది! జగదీష్ లేచి చప్పట్లు కొట్టాడు.

ఇక ఆగుతానా? మరుసటి వారం డెట్రాయిట్ ఫ్రీవే ఎక్కాను. ఆ పై వారం నూటరెండు జ్వరంతో వెళ్ళి, మంచులో కూరుకుపోయిన ఒక ముసలి దొరసానిని ఆస్పత్రిలో చేర్చాను. పిల్లలు ఆదివారం కోసం కాచుకుని కూర్చునేవారు. మావారికి తెలుగు క్లాసంటే పిల్లల గోల అని తప్ప ఇంకేమీ తెలియదు కాబట్టి నాకు భయం లేదు.

"భయం వేయలేదా ఆంటీ?" అని ఒకసారి జయంతి అడిగింది.

"మనం భయపడితే కారు మనల్ని నడుపుతుంది. భయపడకపోతే మనం కారుని నడుపుతాం," అన్నాను పెద్ద ఆరిందాలా. ఆ పిల్ల ఆ ముక్క కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఫిబ్రవరి మూడో ఆదివారం తలుపు తీసేసరికి జయంతి పక్కన వాళ్ళమ్మ ఉష నిలబడి ఉంది. ఎప్పుడూ దింపేది వాళ్ళ నాన్న కృష్ణమోహన్. ఉష వెనకాల వాళ్ళ స్టేషన్ వ్యాగన్ కారు, సగం డ్రైవ్‌వేలో, సగం మా లాన్‌లో.

"కృష్ణమోహన్‌గారేరీ?"

"టొలీడో వెళ్ళారండీ, ఏడింటికి గానీ రారు. నేనే డ్రైవ్ చేసుకొచ్చా!" నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళు. "లైసెన్స్ వచ్చి రెండేళ్ళయిందండీ. ఒక్కదాన్నీ ఎప్పుడూ నడపలేదు. మీ పేజీలన్నీ జయంతి చెప్తుంటే, ఆవిడ జ్వరంతో డెట్రాయిట్ వెళ్తుంటే నాకేం రోగం అనుకున్నా. ప్రతి సిగ్నల్ దగ్గరా మీ మాటే అనుకున్నా, మనం కారుని నడుపుతాం, మనం కారుని నడుపుతాం అని."

ఆరోజు ఏ పాఠం చెప్పానో నాకే తెలియదు.

క్లాసు అయ్యేసరికి బయట మంచు దట్టంగా పడుతోంది. మిగతా పిల్లల్ని వాళ్ళ నాన్నలు తీసుకుపోయారు. మావారు ఆదివారమైనా ఆఫీసులోనే ఉన్నారు. ఉష తాళాలు నా చేతిలో పెట్టింది.

"నా కాళ్ళు వణుకుతున్నాయండీ. ఇంత మంచులో మళ్ళీ నావల్ల కాదు. మీరు నడపండి. రాత్రికి మావారు మిమ్మల్ని దింపేస్తారు."

"నాకేమిటో... పొద్దుట్నుంచీ కళ్ళు తిరుగుతున్నాయి ఉషా," అన్నాను.

"జ్వరంలోనే డ్రైవ్ చేశారు కదా ఆంటీ," అంది జయంతి, ఎంతో నమ్మకంగా.

ఉష ముఖం చూశాను. ఈ పిచ్చితల్లి నా రాతలు నమ్మి, పక్కన బిడ్డను కూర్చోబెట్టుకుని, ఎనిమిది మైళ్ళు వచ్చింది. దారిలో ఏమన్నా అయి ఉంటే? ఇంకొక్క అబద్ధం ఆడినా నేను మనిషిని కానని అనిపించింది.

"ఉషా, నాకు కారు రాదు. లైసెన్సే లేదు. అవన్నీ కోతలు."

జయంతి నోరు తెరుచుకుని చూసింది. "బట్ ఆంటీ... జరిగిందే రాయాలి అని మీరే చెప్పారు కదా."

తల తీసేసినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళలో ఏ పిల్ల ముందూ నేను అలా తల దించుకుని నిలబడలేదు.

ఉష హాల్లో మెట్ల మీద కూలబడింది.

"ఆ ముసలావిడ?"

"లేదు."

"జింక?"

"జింకా లేదు."

"అంటే... మన ఆడవాళ్ళలో ఈ మంచులో ఒంటరిగా నడిపినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరా?"

"నాకు తెలిసి నువ్వొక్కదానివే," అన్నాను.

ఉష కాసేపు కిటికీలోంచి తను నడిపి తెచ్చిన కారు వైపు చూస్తూ కూర్చుంది. తరవాత లేచి నా చేతిలో తాళాలు లాక్కుంది.

"కోటు వేసుకోండి."

"ఎందుకు?"

"పక్కన కూర్చుందురుగాని. ఇల్లు చేరేదాకా నోరెత్తకండి."

వెనక సీట్లో జయంతి, ముందు సీట్లో నేను. ఉష కారుని మా లాన్ మీదనుంచి రివర్సు చేసి, రోడ్డెక్కించి, ఎనిమిది మైళ్ళూ నడిపింది. నేను నోరెత్తలేదు.