అంపైరు నవ్వకూడదు

నోరు లేనివాడు బేస్‌బాల్‌కు పనికిరాడని ఇరవయ్యేళ్లుగా వాదిస్తూ వచ్చినవాణ్ని నేను. మా ఊరు సాన్ పెద్రోలో, చక్కెర మిల్లు వెనక మైదానంలో పిల్లల ఆటలన్నిటికీ అంపైరును నేనే. "ఇవారిస్తో, ఆ పిల్లల నోళ్లు కాస్త కట్టించవయ్యా" అని ఏ కోచ్ అయినా అంటే నాకు ఒళ్లు మండేది. బ్యాట్ పట్టినవాడి వెనకే కూర్చుని బంతి పట్టేవాడు, వాణ్ని నాలుగు మాటలతో కంగారు పెట్టలేకపోతే ఏం క్యాచర్? ఆ నాలుగు మాటలకే బెదిరిపోయేవాడు రేపు నిండు స్టేడియంలో ఏం నిలబడతాడు? ఇలా ఉండేది నా వాదన.

ఆ శనివారం క్యాచర్ మా చెల్లెలి కొడుకు విల్కిన్. అవతలి జట్టులో మా వీధివాడే, ఫెలిసియా కొడుకు నెఫ్తాలీ ఉన్నాడు. సోమవారం నాడు ఒక పెద్ద క్లబ్బుతో వాడి ఒప్పందానికి సంతకం. ఫ్యాక్టరీలో ప్యాంట్లు కుట్టీ కుట్టీ ఫెలిసియాకు చూపు మందగించింది. ఆ సంతకం పడి డబ్బు చేతికొస్తే ఆమె ఆ మిషను ముందు నుంచి లేస్తుంది. ఆఖరుసారి చూసి పోదామని క్లబ్బు మనిషి వచ్చి, క్యాచర్ వెనక నిలబడే నాకు సరిగ్గా వెనకే, వల అవతల కుర్చీ వేసుకున్నాడు.

కాగితాల్లో నెఫ్తాలీకి పదహారు. నిజానికి పద్దెనిమిది. తప్పే, కాదనను. కానీ పద్దెనిమిదేళ్లంటే ఆ క్లబ్బులవాళ్లు మొహం కూడా చూడరు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మొదటిసారి బ్యాట్ పట్టగానే నెఫ్తాలీ బంతిని మైదానం దాటించి హోమ్‌రన్ కొట్టాడు. చుట్టూ పరుగెత్తి వచ్చి విల్కిన్ ముందు ఆగాడు. "బంతి మీ ఇంటి మీదే పడింది రోయ్! మీ అమ్మని వెతికి పెట్టమను. వంటెలాగూ చేతకాదు, కనీసం ఆ పనైనా చేస్తుంది!"

జనం విరగబడి నవ్వారు. విల్కిన్ మొహం మాడిపోయింది. నాకూ చురుక్కుమంది. వాడు అన్నది నా చెల్లెల్ని. అయినా మాటకు మాట ఆటలో భాగమే కదా అని పైకి ఊరుకున్నాను, మనసులో మాత్రం పెట్టుకున్నాను.

మూడోసారి వాడు వచ్చేసరికి ఆట సమానంగా ఉంది. రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్. విల్కిన్ మొదలుపెట్టాడు. "ఏం తాతా, బ్యాట్ బరువుగా ఉందా? చేతికర్ర తెచ్చివ్వనా?"

పొడుగ్గా ఉన్న ప్రతివాణ్నీ మా మైదానంలో తాత అనే అంటారు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నెఫ్తాలీ కూడా నవ్వేశాడు. "ముందు బంతి పట్టడం నేర్చుకోరా. మీ అమ్మ వండింది తింటే చేతులకి బలమెక్కడిది?"

మళ్లీ అమ్మ మాట వచ్చేసరికి విల్కిన్‌కు పిచ్చెక్కింది. ముందూవెనకా చూడలేదు. "జార్జెస్ తుఫానప్పుడు జనమంతా తలదాచుకున్న బడిలో పుట్టినోడివి నువ్వు! మా మావయ్యే మీ అమ్మకి నీళ్లు మోశాడు. పద్దెనిమిదేళ్ల దున్నపోతువి, చిన్నపిల్లలతో ఆడ్డానికి సిగ్గులేదట్రా?"

తుఫాను కబుర్లన్నీ వాడికి అన్నాలు తినేటప్పుడు చెప్పింది నేనే. అక్కడే ఆట ఆపి వాణ్ని బయటికి పంపాల్సింది. ఆ అధికారం నాకుంది. కానీ నాకు నవ్వొచ్చింది. నా చెల్లెల్ని అన్నందుకు బాగా అయిందని పకపకా నవ్వాను. నవ్వి ఊరుకున్నా సరిపోయేది. "ఒకటా రెండా, నాలుగు బకెట్లు మోశాన్రా!" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను!

వెనక కుర్చీ కదిలింది. "పెద్దాయనా, ఏ తుఫానన్నారు?" అని అడిగాడు క్లబ్బు మనిషి.

జార్జెస్ వచ్చి పద్దెనిమిదేళ్లయిందని మా దేశంలో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. నేను మాస్కు తీసి, "పిల్లలు సార్, ఏదో వేళాకోళం..." అన్నాను.

"వాళ్లు పిల్లలే. మీరూనా?" అన్నాడు.

తర్వాతి బంతి సరిగ్గా నడిమధ్యకు వచ్చింది. నెఫ్తాలీ బ్యాట్ కదపలేదు. స్ట్రైక్ అని అరవాల్సింది నేనే కాబట్టి అరిచాను.

ఆటయ్యాక రెండు జట్లూ వరసగా నడుస్తూ చేతులు కలుపుకున్నాయి. "కోపంలో అనేశాన్రా, ఒట్టు" అని విల్కిన్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నెఫ్తాలీ వాడితో చెయ్యి కలిపి, "బాగా ఆడావురా" అన్నాడు. నా దగ్గరికీ వచ్చి చెయ్యిచ్చాడు. "వస్తాను బాబాయ్" అన్నాడు. అందులో వెటకారం ఉన్నా తట్టుకునేవాణ్ని. లేదు.

సోమవారం సంతకం జరగలేదు. క్లబ్బు తరఫున ఇద్దరు వచ్చి ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ గుర్తులేదన్నాను. ఏం లాభం? చర్చిలో జ్ఞానస్నానాల పుస్తకంలో వాడి పుట్టిన తేదీ దొరికింది. ఏడాది నిషేధం వేశారు. ఆ తర్వాత పందొమ్మిదేళ్లవాణ్ని ఎవరు అడుగుతారు?

నిషేధం సంగతి తెలిసిన మర్నాడు ఫెలిసియా ఇంటికి వెళ్లాను. నెఫ్తాలీ పని అడగడానికి మిల్లుకు వెళ్లాడట. ఆమె కుర్చీ వేసి, కాఫీ కలిపి ఇచ్చింది. నా వల్ల కాలేదు. "తిట్టు తల్లీ, చెప్పుతో కొట్టు" అన్నాను.

"తిడితే ఏమొస్తుందన్నా?" అంది. "కాగితాలు చేయించినప్పుడు ఈ వీధిలో ఇంటింటికీ వెళ్లి, ఎక్కడా అనొద్దని కాళ్లు పట్టుకున్నాను. నీ ఇంటికొక్కదానికే రాలేదు. నీకు కూడా చెప్పాలా అనుకున్నాను."