బావకు నొప్పి లేదు

నా భార్య అన్నగారు సెలూన్ నడిపేవాడు. ఆమె పోయాక ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, నన్ను కుర్చీలో కూలేసి గడ్డం గీసేవాడు. "మీసం నీ ఇష్టం బావా, మిగతా మొహమంతా నాది" అనేవాడు.

ఆయన పేగులో గడ్డకు ఆపరేషన్ జరిగింది. పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు దీపాలు పెట్టే వేళకు బయటికి తెచ్చారు. తెలివి వచ్చాక అందరం అడిగింది ఒకటే, నొప్పిగా ఉందా అని.

"కుట్ల దగ్గర కాస్త. ఇంకెక్కడా లేదు" అన్నాడు. సంబరపడ్డాం.

మర్నాడు ఒళ్ళు తుడవడానికి నర్సు వచ్చింది. అరచేతులు రుద్ది వెచ్చచేసుకున్నాకే ఆయన్ను ముట్టుకుంది. పక్కకి ఒత్తిగిలిస్తే, నడుం కింది ఎముక మీద నేరేడుపండు రంగు మచ్చ కనిపించింది. వేలితో నొక్కింది. రంగు మారలేదు.

"ఇక్కడ నొప్పిగా ఉందా బాబాయ్?"

"అబ్బే, లేదమ్మా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వరండాలోకి పిలిచింది.

"పాత సుగరు, స్పర్శ తగ్గిపోయింది. నెలలుగా తిండి లేక ఎముకలగూడయ్యాడు. అంతసేపూ ఆపరేషన్ బల్ల మీద ఒకే తీరున పడుకోబెట్టాం, మధ్యలో బీపీ కూడా పడిపోయింది. బరువుకి ఆ ఎముక కింద కండ నలిగింది. తెలివి వచ్చాకైనా నొప్పి తెలిస్తే మనిషి తనే కదులుతాడండీ. ఈయనకి తెలియడం లేదు."

"తగ్గుతుందా?"

"లోపల ఎంత పాడైందో ఇప్పుడే చెప్పలేం."

గాలి పరుపు వేశారు. నేను భుజం, ఆమె నడుం పట్టి అటూ ఇటూ తిప్పుతున్నాం.

"ఊళ్ళో తలలన్నీ తిప్పి బతికాను. ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నారు" అంటాడు బావ.

మచ్చ నల్లబడింది, తర్వాత తెరుచుకుంది. పొట్ట మీద కుట్లు మానాయి. ఈ పుండు మానితే గానీ ఇంటికి పంపలేమన్నాడు డాక్టరు. అది మాత్రం లోతుకే పోతోంది. కట్టు మార్చేటప్పుడు నర్సు నాకు అడ్డంగా నిలబడుతుంది, నేను చూడకుండా. ఆ దయకు ఎలా దండం పెట్టాలో తెలియదు.

ఆదివారం నేనే ఆయన గడ్డం గీశాను. అలవాటు లేని చెయ్యి, దవడ దగ్గర గీరుకుంది.

"అబ్బా! చంపావు కదయ్యా!"

"నొప్పా బావా?" ఆశగా అడిగాను.

"కాదా మరి! కత్తి పట్టిన ప్రతివాడూ పనివాడే?"

అప్పుడే నర్సు కట్టు విప్పుతోంది. "మరి ఇక్కడ?" అన్నాను.

"అక్కడేం లేదు. ఒళ్ళంతటికీ అదొక్కటే హాయిగా ఉంది" అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు.