అట్టమేడ నాలుగో అంతస్తు

ప్రదర్శన తలుపులు ఇంకా తెరవలేదు. కుట్టుపనామె వెనక గుమ్మంలోంచి పరుగున హాల్లోకి వచ్చింది. కొలతల టేపు మెడలోనే వేలాడుతోంది. వచ్చీ రాగానే బొమ్మలక్క చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, మా పిల్ల చేసిన ఇల్లేది?"

బొమ్మలక్క బళ్ళో డ్రాయింగ్ టీచరు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఆదివారం వస్తే పేటలోని పిల్లలందరినీ వెంటేసుకుని వీధులు తిప్పుతుంది. గోడకి కాగితం ఆనించి పెన్సిలు రుద్దుతూ ఇటుకల్ని కాగితం మీదకి దించడం, తలుపుల్ని జానలతో, వరండాల్ని బారలతో కొలవడం, మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఆ భవనం చప్పుళ్ళు వినడం, అన్నీ ఆమె నేర్పినవే. ఆఖర్న ఎవరుండే భవనాన్ని వాళ్ళు మందుల పెట్టెలతో, చెప్పుల డబ్బాలతో కట్టుకురావాలి. షరతు ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు కట్టాలి. కిటికీకి అద్దం పగిలి ఉంటే అట్టలోనూ పగలాలి. "అందం కోసం అబద్ధమాడితే అది బేకరీ కేకవుతుంది, ఇల్లవదు" అనేది.

"అదిగో వదినా, మధ్యబల్ల మీద. అన్నిట్లోకీ బాగా కుదిరింది మీ పిచ్చుకదే."

కుట్టుపనామె చూసింది. నాలుగంతస్తుల అట్టమేడ. పైన రేకుల గదులు, దారం మీద ఆరేసిన గుడ్డపీలికలు, మూత లేని నీళ్ళడ్రమ్ము. చివరి గది కిటికీలో అగ్గిపెట్టెతో చేసిన కుట్టుమిషను. చూసేకొద్దీ ఆమె మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"కొంప ముంచింది కదమ్మా! ముందు ఆ పైది పీకెయ్యండి."

"ఎందుకు?"

"కాగితాల్లో మా మేడకి మూడంతస్తులే. మేముండేది లెక్కలో లేదు. ఓనరు ఎప్పుడో రేకులేసి అద్దెకిచ్చాడు. ఇవాళ ఇక్కడికొచ్చేదెవరు? కట్టడాల ఆఫీసరేగా?"

ఆయన ముఖ్య అతిథి అని బొమ్మలక్కకి తెలుసు. అందుకే పిల్లలకి వారం రోజులు తర్ఫీదిచ్చింది. పెద్దాయన ఏదడిగినా నీళ్ళు నమలకుండా గట్టిగా చెప్పాలని.

అసలు ఆ నాలుగో అంతస్తు సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? నీళ్ళబిల్లు అక్కడిదాకా ఎక్కుతుంది. ఓట్లకొచ్చేవాళ్ళు రొప్పుకుంటూ ఆ మెట్లన్నీ ఎక్కి దండం పెడతారు. ఆఫీసరుగారి కారు రోజూ ఆ మేడ ముందునుంచే పోతుంది. పేదోళ్ళ ఇంటికి పునాది అదే, పెద్దోళ్ళు తల తిప్పుకుని పోవడం. ఆ తలని ఇటు తిప్పే పని బొమ్మలక్క చేతుల మీదుగా జరిగిపోయింది.

ఆమె ప్రదర్శన హాలు మేనేజరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన రిబ్బను కత్తిరించే కత్తెర పదునుగా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

"ఆ మేడ ఒక్కటీ లోపల పెట్టేద్దాం సార్."

"భలేవారే టీచరుగారూ! ఆహ్వానం అట్ట మీద వేసిన ఫొటో దానిదే. పెళ్ళికూతుర్ని గదిలో పెట్టి తాళమేస్తామంటారేంటి?"

"ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి ముప్పొస్తుంది సార్."

"బొమ్మ చూసి ఎవరైనా ఇల్లు కూలుస్తారా? మీరు మరీను. నవ్వుతూ నిలబడండి, అదే పదివేలు."

మిగిలిందిక పిల్లే. పిచ్చుక తన మేడకి చేతులు అడ్డంపెట్టి నిలబడింది.

"ఉన్నది ఉన్నట్టు అని నువ్వేగా అన్నావక్కా?"

"అన్నానే. ఈ ఒక్కరోజుకి..."

"మరి పైన లేకపోతే మేమెక్కడున్నట్టు? గాల్లోనా?"

"నోర్ముయ్యవే!" అంది తల్లి. "గాల్లో ఉండే రోజు తెచ్చేలాగే ఉన్నావు."

బొమ్మలక్క కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూసింది. కాసేపటికి పిచ్చుకే చేతులు తీసింది. జిగురు బాగా పట్టినట్టుంది, గోరు దూర్చి, పెచ్చు లేవకుండా, పై అంతస్తుని నెమ్మదిగా ఊడదీసింది. తల్లి దాన్ని సంచిలో వేసుకుని వెనక గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.

ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పిల్లల బుగ్గలు గిల్లాడు, ఒక అట్టయింటి గోడగడియారం ముల్లు తిప్పి చూశాడు. మధ్యబల్ల దగ్గర ఆగి, చేతిలోని ఆహ్వానం వంక చూసి, మేడ వంక చూసి నవ్వాడు.

"ఇదేంటర్రా, ఫొటోలో నాలుగున్నాయి, ఇక్కడ మూడే! మధ్యలో గాలివాన గానీ వచ్చిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్లలు నీళ్ళు నమల్లేదు.

"లేదు సార్! పిచ్చుక వాళ్ళమ్మ పట్టుకెళ్ళిపోయింది సార్!"

"నిజం మేడకి ఉంది సార్! మేమందరం ఎక్కి జానలతో కొలిచాం!"

"కాగితాల్లో లేదంట సార్, అందుకని అక్క తీసెయ్యమంది!"

పత్రికలవాళ్ళ కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఆఫీసరు నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ అందులో నవ్వు లేదు. బొమ్మలక్క వంక చూశాడు. అది కోపం చూపు కాదు. నన్నెందుకమ్మా ఇందులోకి లాగావు అన్నట్టుంది.

నాలుగో అంతస్తు కూల్చేస్తామని మేడకి నోటీసు వచ్చింది. బొమ్మలక్క ఆఫీసరుగారి ఆఫీసుకి వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"నాకు కళ్ళు లేవా?" అన్నాడు. "రోజూ ఆ దారినే పోతాను. నేను చూడనంతకాలం వాళ్ళిల్లు ఉంది, నా ఉద్యోగమూ ఉంది. మీరు ఊరందరి ముందూ పిల్లల చేత చెప్పించారు. ఇప్పుడు నేనేం చెయ్యను, మీరే చెప్పండి."

"మరి మూలమీద పెద్ద హోటలు సంగతేంటి? పైన రెండంతస్తులు దొంగవి కాదా?"

"ఎవరన్నారు?"

"ఊరంతా అంటోంది."

"ఊరు అంటే సరిపోతుందా? ఎవరైనా అట్టలతో కట్టి తెచ్చారా?" ఏడుపులాంటి నవ్వు నవ్వాడు.

ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. ఆదివారం పిల్లల్ని తీసుకుని హోటలు గేటు ముందు దిగింది. కాపలాదారు లేచి వచ్చాడు.

"ఏంటమ్మా ఈ దండు?"

"గోడ రుద్దుకుంటాం, కిటికీలు చూసుకుంటాం."

"పోస్టాఫీసు గోడ రుద్దుకోండి. ఇది ప్రైవేటు."

ఎదుటి అరుగు మీద కూర్చుని గీయబోతే అక్కడికీ వచ్చాడు. బొమ్మ కూడా గీయొద్దన్నారంట.

"మరి చూడొచ్చా బాబాయ్?" అడిగాడో పిల్లాడు.

"చూడండి. మరీ అంత గట్టిగా చూడకండి."

పిల్లలు చూసింది గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళి గీశారు. ఒక్క కిటికీ తప్పలేదు. బొమ్మలక్క వాటిని ఆఫీసుకి పట్టుకెళితే గుమాస్తా ఒక్కొక్కటీ తిప్పి చూసి, "రంగులు బాగా వేశారు. పిల్లల బొమ్మలు సాక్ష్యమెలా అవుతాయమ్మా?" అని తిరిగిచ్చేశాడు.

మొన్న ఒక బొమ్మే కదా సాక్ష్యమైంది అని అడిగింది. ఆయన అప్పటికే పక్కవాళ్ళ అర్జీ తీసుకున్నాడు.

కూల్చేవాళ్ళు పొద్దున్నే వచ్చారు. రేకులు విప్పి కిందికి జారవిడుస్తుంటే వీధంతా చెవులు మూసుకుంది. ఓనరు ఫోను చెవిన పెట్టుకుని, "నాకేం తెలుసండీ, వాళ్ళే వేసుకున్నారు" అని ఎవరికో చెబుతున్నాడు. పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే పరుపులు, గిన్నెలు, బిందెలు దించుకున్నారు. ఎవరో ఒకరు తిడితే బావుండునని బొమ్మలక్క ఎదురుచూసింది. ఎవరూ తిట్టలేదు. కుట్టుపనామె ఆమెను చూసి, "ఆ చివర పట్టుకోండి టీచరమ్మా" అంది, అంతే. ఇద్దరూ కలిసి మిషను దించి పేవ్‌మెంటు మీద పెట్టారు.

పిచ్చుక దాని పక్కనే మూట మీద కూర్చుంది. బొమ్మలక్క వంగి తల నిమరబోతే తల పక్కకి జరిపింది. విదిలించుకోలేదు, జరిపింది.

"మిమ్మల్నందర్నీ బళ్ళో రెండురోజులు ఉండనివ్వమని హెడ్మాస్టరుని అడిగాను వదినా. కుదరదన్నారు. మా ఇంటి ఓనరు కూడా..."

"తెలుసమ్మా. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు మీరేం చేస్తారు?"

అప్పుడే ఒకామె చంకలో బిడ్డతో, రేకులు దాటుకుంటూ వచ్చింది. కూలుతున్న గదుల్ని చూసి గబగబా మాట్లాడేసింది.

"అయ్యో, ఇదేంటమ్మా! మా పాప గౌను ఏమైంది? బాగానే ఉందా?"

"భద్రంగా ఉందండి. చేతులు ఒక్కటే కుట్టాలి." కుట్టుపనామె మూట విప్పి గౌను తీసి దులిపి చూపించింది. "రేపు ఇచ్చేస్తాను."

"సరే. రేపు ఎక్కడికి రమ్మంటారు?"

కుట్టుపనామె వీధికి ఆ చివర చూసింది, ఈ చివర చూసింది. ఆ తర్వాత బొమ్మలక్క వంక చూసింది. బొమ్మలక్క తల వంచుకుంది.

"చెప్పండి, మళ్ళీ బిడ్డనేసుకుని తిరగలేను," అంటోంది ఆమె. "ఎక్కడికి రావాలి?"