ఒకటి కలపాలి

మధ్యాహ్నం అన్నం డబ్బా కడుక్కొచ్చి, చేతులు తుడుచుకుంటూ సున్నా పిన్ని మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. కళ్ళజోడు విరిగినచోట దారం చుట్టి ఉంది. వేళ్ళ కణుపులు ఉబ్బాయి. అయినా మీటల మీద చప్పుడు కాకుండా నడుస్తాయి. ఈ సాయంత్రంతో ఆవిడ ఉద్యోగం సరి.

ఆ పేరు రావడానికి కారణం ఇరవై నాలుగేళ్ళ కిందటి తొందర. ఏ ప్రోగ్రామైనా పిలిచి వాడుకునేలా, నెల ఎన్నోదో చెప్పే చిన్న కోడు ముక్క, మెథడ్ ఒకటి రాస్తూ, లెక్క సున్నాతో మొదలుపెట్టింది. జనవరి అంటే సున్నా, డిసెంబరంటే పదకొండు. తప్పు తెలిసేసరికే అందరూ వాడేస్తున్నారు. వచ్చిన జవాబుకు ఎవరికి వారే ఒకటి కలుపుకుంటున్నారు. ఇప్పుడది పదమూడు వందల ప్రోగ్రాముల్లో ఉంది. కొత్తగా చేరేవాళ్ళ కోసం ఆవిడ మానిటర్ అంచున ఓ పసుపు చీటీ అంటించింది: "ఒకటి కలపాలి."

పక్క కుర్చీలోని అమ్మాయి తప్పులేని కొత్త మెథడ్ రాసి సిద్ధంగా పెట్టింది.

"పాతదాన్నే దిద్దేస్తే పోలా, పిన్నీ?"

"దిద్దితే వాళ్ళు కలిపే ఒకటి ఊరుకుంటుందా తల్లీ? జనవరిలో ఆపరేషనున్నవాణ్ణి ఆసుపత్రి ఫిబ్రవరిలో రమ్మంటుంది."

మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "మీరుండగానే పీకి పారేద్దామండీ. పీడా వదులుతుంది."

"పీకితే పదమూడు వందల చోట్లా పని ఆగుతుంది బాబూ. ఏడాది గడువివ్వండి. వాడిన ప్రతివాడికీ హెచ్చరిక కనబడేలా చేస్తా. నా తప్పును నేనే మర్యాదగా సాగనంపుకుంటా."

ఆయన తల గోక్కున్నాడు. "ఏడాదే. తర్వాత నన్నడక్కండి."

"అడగడానికి నేనుంటేగా!"

అమ్మాయి కిసుక్కున నవ్వింది.

ఆవిడ ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేసింది: "ఇది పాతది. ఇకమీదట వాడకండి. కొత్తది వాడండి. దానికి ఒకటి కలపొద్దు." చివరి మాట రెండుసార్లు చదువుకుని, మీట నొక్కింది.

గంట గడిచింది. ముక్కూ మొహం తెలియనివాడెవరో కబురు పెట్టాడు, కొత్తదానికి మారాను, చక్కగా నడుస్తోందని.

"ఒకటి తగ్గింది పిన్నీ!"

"ఇంకేం, దారి పడింది. మిగతావి నువ్వు చూసుకో."

ఐదింటికి డబ్బా సంచిలో వేసుకుని, కుర్చీ లోపలికి జరిపి, రోజూ చెప్పినట్టే "వస్తానమ్మా" అని వెళ్ళిపోయింది.

బల్ల తుడుస్తూ అమ్మాయి చీటీ తీయబోయి ఆగింది. దానికీ ఇంకా ఏడాది ఉంది. లేచిన మూలను బొటనవేలితో నొక్కింది. ఫ్యాను గాలికి అది మళ్ళీ లేచింది, సిరా వెలిసి, జిగురు సగం ఊడి, పసుపు పచ్చగా.