కుడి చెవిలో నిశ్శబ్దం

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ ఉదయం ఫోను కుడి చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటూనే ఉన్నాడు. అవతల ఎవరూ పలకలేదు. సిగ్నల్ లేదేమోనని బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కడా అంతే. విసుగొచ్చి ఫోను ఎడమ చెవికి మార్చుకునేసరికి పిన్ని గొంతు ఖంగుమంది.

"ఏరా, పలకవేం? ఇవాళ క్లాసు ఉన్నట్టా లేనట్టా?"

ఉందని చెప్పి పెట్టేశాడు. కుడి చెవి పక్కన చిటికె వేసి చూసుకున్నాడు. వేళ్ళకి తెలిసింది గానీ చెవికి తెలియలేదు. లోపలెక్కడో కుక్కరు ఆవిరి వదులుతున్నట్టు సన్నటి రొద మాత్రం ఉంది. రాత్రి పడుకునేటప్పుడు శుభ్రంగా ఉన్న చెవి.

"స్నానంలో నీళ్ళు పోయుంటాయి. ఒంటికాలి మీద గెంతండి, వచ్చేస్తాయి," అంది భార్య.

గెంతాడు. నీళ్ళు రాలేదు సరికదా, గది పక్కకి ఒరిగినట్టయి తలుపు పట్టుకున్నాడు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. దారిలో వీధి చివరి డాక్టరు దగ్గర ఆగితే ఆయన టార్చి వేసి చూసి, కాస్త గుబిలి ఉంది, చుక్కలు వేసుకుంటే కరిగిపోతుందన్నాడు. మాస్టారుకి ప్రాణం లేచొచ్చింది. గుబిలే కదా అనుకుని కారు తీశాడు.

పిన్ని ఒక హైస్కూలు ఆఫీసులో పనిచేసేది. రిటైరయ్యాక డ్రైవింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. పట్టుదలకి తగ్గ ధైర్యం మాత్రం లేదు. ఎదురుగా లారీ కనబడితే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకునే రకం. అందుకే ఆమె క్లాసులో మాస్టారి పాదం తన వైపు ఉన్న బ్రేకు మీద నుంచి కదిలేది కాదు.

ఆ రోజు ఆమె స్టీరింగు ముందు, అతని కుడి పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉంది. అతను అందీ అందనట్టు వింటూ "ఊఁ" కొడుతున్నాడు. ఊరి బయటి రోడ్డు మీద కుడివైపు తిరగాల్సిన చోట హారను వినబడింది. కాకపోతే అది ఎడమవైపు నుంచి వినబడింది. అటు తిరిగి చూశాడు. ఏమీ లేదు.

"కానీయ్ పిన్నీ," అన్నాడు.

ఆమె స్టీరింగు తిప్పబోయి ఒక్కసారిగా బ్రేకు తొక్కింది. కుడివైపు నుంచి ఒక వ్యాను అద్దం రాసుకుంటూ దూసుకుపోయింది. మాస్టారి పాదం అప్పటికింకా బ్రేకు మీద ఊరికే ఉంది. ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి.

పిన్ని కారు పక్కకి తీసి ఆపింది.

"వాడు హారను కొట్టింది ఇటు, నువ్వు చూసింది అటు. ఏమైందిరా నీకు?" ఇంకా ఏదో అంది. అతను ఎడమ చెవి ఆమె వైపు తిప్పాడు. ఆ తిప్పడంతోనే ఆమెకి అర్థమైంది.

"గుబిలేలే పిన్నీ. డాక్టరు చెప్పాడు."

"మా ఆఫీసులో అకౌంటెంటుకి ఇలాగే పొద్దున లేచేసరికి ఒక చెవి పోయింది. పొద్దున లేచేసరికి ఒక చెవి పోయింది. నెల పాటు చుక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత పెద్ద డాక్టరు, మొదట్లోనే వచ్చుంటే మందుండేదన్నాడట. ఇవాళే చూపించాలి. దిగు, నువ్వు తోలు."

దిగాడు. నేల గిర్రున తిరిగింది. బానెట్ పట్టుకుని అక్కడే కక్కుకున్నాడు. తల కదిపితే చాలు, రోడ్డంతా రంగులరాట్నంలా తిరుగుతోంది. పిన్ని టాక్సీ కోసం ఫోను చేసింది. చుట్టుపక్కల ఏదీ లేదన్నారు. చెవి డాక్టరు మధ్యాహ్నం దాకే ఉంటారని ఆస్పత్రి వాళ్ళు చెప్పారు.

"ఎక్కు," అంది.

"నేను బ్రేకు చూసుకోలేను పిన్నీ. కళ్ళు తెరిస్తే తిరుగుతోంది."

"తెరవకు మరి."

ఇన్నేళ్ళలో నేర్చుకునేవాళ్ళ పక్కన అతను కళ్ళు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. గేరు గీరుకోవడం సీటు కింద తెలుస్తోంది. ఎక్కడో లారీ ఇంజను వినబడింది. ముందుందో వెనకుందో తెలియలేదు. ఒక కన్ను కాస్త తెరిచాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"వినబడట్లేదు పిన్నీ," అన్నాడు.

"నీతో కాదురా, నాతో నేను మాట్లాడుకుంటున్నా," అని అరిచింది. స్టీరింగు మాత్రం వదల్లేదు.

ఆస్పత్రిలో అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ చెవిలో కీచుమని, బొయ్యిమని రకరకాల శబ్దాలు. టకటకా నొక్కాడు. తర్వాత ఏమీ లేదు. యంత్రం ఆగిందేమో అనుకున్నాడు. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. కుడి చెవికి శబ్దాలు పంపుతోందన్నమాట. వినబడకపోయినా నొక్కేయాలనిపించింది. మీట మీద బొటనవేలు చెమటతో జారింది. చివరికి నొక్కలేదు.

డాక్టరమ్మ కాగితం మీద రెండు గీతలు చూపించింది. ఎడమ గీత పైనుంది, కుడి గీత అడుగుకి పడిపోయింది.

"ఇది గుబిలి కాదు, లోపలి చెవి దెబ్బతింది. ఎందుకొస్తుందో చాలామందిలో తెలియదు. స్కాను కూడా చేయిద్దాం. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. త్వరగా వచ్చారు, అదొక్కటే మనకి కలిసొచ్చేది."

"వినికిడి తిరిగి వస్తుందా డాక్టర్?"

"కొందరికి పూర్తిగా వస్తుంది. కొందరికి సగం. కొందరికి రాదు. మాట ఇవ్వలేను."

స్కానులో భయపడాల్సిందేమీ లేదన్నారు. తల తిరగడం తగ్గింది, చెవి మాత్రం అలాగే ఉంది. మాత్రలతో నిద్ర పట్టక ఇంట్లో కస్సుబుస్సులాడాడు. భార్య ఏదైనా అడిగితే వినబడక కోపం, గట్టిగా అడిగితే అరుస్తోందని కోపం. ఆమె ఒకసారి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. అతనికి అది కూడా వినబడలేదు. కళ్ళు ఎర్రబడి ఉండటం చూసి తెలుసుకున్నాడు. పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగాడు.

మాత్రలు పనిచేయకపోయేసరికి డాక్టరమ్మ మందుని కర్ణభేరిలోంచి సూదితో లోపలికి ఎక్కించింది. సూది దిగినప్పుడు కుర్చీ పిడి విరిగేంతగా పట్టుకున్నాడు. రెండోసారి కూడా ఏమీ తేడా లేదు. మూడోసారి ఎక్కించాక ఒక పొద్దున భార్య కుడివైపు నుంచి కాఫీ అందిస్తూ ఏదో అంది. కుడి చెవిలో, పగిలిన స్పీకర్లోంచి బాతు అరిచినట్టు వినబడింది.

"మళ్ళీ అను," అన్నాడు.

"పంచదార సరిపోయిందా అన్నాను."

చెవులు మూసుకునేంత వికారమైన గొంతు. మళ్ళీ అనమన్నాడు. ఆమె కప్పు కింద పెట్టేసి, అతని కుడి పక్కనే కూర్చుని, నోటికొచ్చిందల్లా మాట్లాడటం మొదలుపెట్టింది.

తర్వాతి పరీక్షలో కుడి గీత సగం దాకా లేచింది. సన్నటి శబ్దాలు ఇక వినబడకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రొద కూడా పూర్తిగా పోలేదు. ఇంకొన్నాళ్ళు నేర్పే పని వద్దని, మొదలుపెట్టాక అద్దాలు మరింత జాగ్రత్తగా చూసుకోమని అంది.

బయట కారు దగ్గర పిన్ని తాళాలు చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఏమందిరా?"

"సగం వచ్చిందట."

"సగమంటే తక్కువేం కాదు," అని పిన్ని స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు పక్కన కూర్చుని పాదం బ్రేకు మీద పెట్టబోయి, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి తీసుకున్నాడు.