నాయనమ్మ చూస్తే లెక్కలోకి రాదు

ఖోఖో ఫైనల్స్ రోజు పొద్దున్నే నేను పెద్దమనిషినయ్యాను. ఏడాది పొడుగునా ఇంకో రోజే దొరకనట్టు!

తిరువూరు హైస్కూలు ఆడపిల్లల జట్టు ఫైనల్స్ దాకా రావడం అదే మొదటిసారి. అది డెబ్బై నాలుగో సంవత్సరం, నేను ఎనిమిదో తరగతి. నూజివీడు జట్టు మధ్యాహ్నం బస్సులో మా ఊరే వస్తోంది, ఆట మా గ్రౌండులోనే. ముందురోజు డ్రిల్లు మేష్టారు దేవానందం గారు అందరినీ వరసగా నిలబెట్టి, "ప్రమీలా, స్తంభం పక్కన నువ్వు కూర్చోవాలి. వాళ్ల జట్టులో పొడుగుపిల్ల ఉంది చూడు, దాన్ని పట్టేది నువ్వొక్కదానివే" అన్నారు. ఇంట్లో అందరికీ ఆ మాట పదిసార్లు చెప్పాను, ఆ ఆనందంలో నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

అలాంటిది, స్నానాల దొడ్లో పావడా మీద మరక కనబడింది. అదేమిటో తెలియనిదాన్నేమీ కాదు. పోయిన వేసవిలో పక్కింటి పిల్లని కూర్చోబెట్టినప్పుడు కిటికీలోంచి అంతా చూశాను. గది మూల కొత్త చాప, చుట్టూ ముత్తైదువలు, పాటలు, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ముద్దలు. తలంటి పోసేదాకా ఆ పిల్ల గడప దాటలేదు. అమ్మతో ఒక్క మాటంటే చాలు, నేను చాప మీద ఉంటాను, కప్పు నూజివీడు బస్సెక్కుతుంది. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. మా అన్నయ్యకి మీసం మొలిచినప్పుడు వాణ్ని ఎవరన్నా మూల కూర్చోబెట్టారా? పైగా కొత్త సైకిలు కొనిచ్చారు!

ఇంతలో తడిక తోసుకుని మా నాయనమ్మ హనుమాయమ్మ లోపలికొచ్చింది.

"ఎంతసేపే? నీళ్లు చల్లారిపోతుంటే..." అంటూ నా పావడా చూసి ఆగిపోయింది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మకి చెప్పకే నాయనమ్మా. సాయంత్రం దాకా చెప్పకే. నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్క ఆట ఆడనీ, తరవాత ఎన్నాళ్లు కూర్చోమంటే అన్నాళ్లు కూర్చుంటా."

ఆవిడ తల బయటికి పెట్టి పెరడంతా చూసి, తడిక దగ్గరగా వేసింది.

"ఎవరన్నా చూశారా?"

"నువ్వే చూశావుగా!"

"నేనా? నేను చూస్తే లెక్కేంటే పిచ్చిమొహమా?"

నాకేమీ బోధపడలేదు. నాయనమ్మ గొంతు తగ్గించి, కోర్టులో ప్లీడరులా చెప్పుకొచ్చింది. "ముత్తైదువకి తెలిసిన గడియ నించే లెక్క. నాలాంటి ముండమోసింది ముందు చూసిందంటే అశుభమని అసలు పైకే చెప్పుకోరు. మీ తాత పోయిన కాణ్ణించీ ఈ ఇంట్లో ఏ శుభకార్యానికీ నేను లెక్కలో లేను. పసుపు కొట్టేటప్పుడు లేను, గాజులు తొడిగేటప్పుడు లేను. నా కడుపున పుట్టిన కూతుర్ని పెళ్లికూతుర్ని చేసేటప్పుడు వడ్లగదిలో కూర్చున్నాను. ఇవాళ మాత్రం ఎందుకుంటానే లెక్కలో? నేను చూళ్లా. నీకింకా ఏమీ అవలా. పోయి ఆడుకో!"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కేక పెట్టబోతే ఆవిడ నా నోరు నొక్కి, తన పాత తెల్లచీర ఒకటి తెచ్చి చింపింది. ఎలా మడవాలో, ఎలా కట్టాలో చూపించి, ముడి గట్టిగా లాగింది. "ఎంత దూకినా ఊడదు. భయపడి మాత్రం మెల్లగా పరిగెత్తావంటే ఊరుకోను" అంది.

అన్నం దగ్గర అమ్మ నా మొహంలోకి చూసి, "ఏంటే అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా? పోనీ మానెయ్ ఆ వెధవాట" అంది. నాయనమ్మ అరుగు మీద నించే, "దానికేం, దున్నపోతులా ఉంది. ఆటంటే బెదురు, అంతే. పంపించు నాగేశ్వరమ్మా" అని కేకేసింది. అమ్మ ఇంకో గరిటె పెరుగు వేసి పంపించింది.

గ్రౌండు చుట్టూ జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. గోడల మీద కుర్రాళ్లు, వేపచెట్టు కింద టీచర్లు, సోడాబండి. సగం ఆట దాకా నా ధ్యాసంతా ఆ ముడి మీదే ఉంది. పరిగెత్తబోయి ఆగాను, వంగబోయి ఆగాను. మేష్టారు ఈల తీసేసి మరీ తిట్టారు. వాళ్లు మా మీద పాయింట్లు చేసుకుంటూ పోతున్నారు. కడుపులో నొప్పి ఒకటి. విసుగెత్తిపోయింది నాకు. ఇంత సాహసం చేసి వచ్చింది మెల్లగా పరిగెత్తడానికా? ఊడితే ఊడనీ అనుకున్నాను. ఊడలేదు. మా నాయనమ్మ ముడి వేస్తే ఎద్దు కూడా తెంపుకోలేదు.

ఇక చూడండి! వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టాను. ఒకదాన్ని మలుపు దగ్గర, ఒకదాన్ని జడ అందుకుని, ఒకదాన్ని అది జారి పడితే. గోడల మీద కుర్రాళ్లు మా ఊరి పేరు పెట్టి అరుస్తున్నారు. పాయింట్లు సరిసమానమయ్యాయి. చివర్లో మిగిలింది ఆ పొడుగుపిల్లే. అది పట్టుబడితే కప్పు మాది, తప్పించుకుంటే ఇంకో ఆట. మా అంతోనమ్మ దాన్ని తరుముకుంటూ వచ్చి, నా వీపు మీద చరిచి "ఖో!" అని అరిచింది. లేచాను. పొడుగుపిల్ల స్తంభం చుట్టి అవతలికి జారిపోతోంది. ఎడమచేత్తో స్తంభం పట్టుకుని మనిషంతా గాల్లోకి విసిరేసుకున్నాను. వేళ్లకి దాని మడమ తగిలింది, నా మోకాళ్లకి నేల తగిలింది. ఈల మోగింది. అంతోనమ్మ నా మీద పడింది, దాని మీద జట్టంతా పడింది. అంత సంతోషం ఒంట్లో పడుతుందని నాకప్పటిదాకా తెలియదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. "అమ్మా, నేను పెద్దమనిషినయ్యాను" అన్నాను. అమ్మ చేతిలో గిన్నె వదిలేసి నన్ను వాటేసుకోబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగి, వీధిలోకి పరుగెత్తింది. శేషాచలం పంతులు గారు పంచాంగం తిరగేసి, గడియ దివ్యంగా ఉందన్నారు. కప్పు గెలిచిన సాయంత్రం, దివ్యంగా ఉండక చస్తుందా!

దీపాలు పెట్టేవేళకి నేను చాప మీదున్నాను. వీధిలోని ముత్తైదువలంతా వచ్చారు. నాయనమ్మ గడప అవతల, తలుపు చాటున నిలబడింది. మా మేనత్త చిమ్మిలి పళ్లెం పట్టుకుని, "అమ్మా, నువ్వు కాస్త అవతలికెళ్లవే. మొదటి ముద్ద పెట్టాలి" అంది. మేనత్తంటే ఎవరో కాదు, నాయనమ్మ కన్నకూతురే. నాయనమ్మ వెనక్కి జరిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు బిగించాను.

"నోరు తెరువే" అంది మేనత్త.

"నాయనమ్మ పెడితేనే తింటాను."

పాట ఆగిపోయింది. "శుభమా అని కూర్చోబెడితే ఏం మాటలే అవి!" అని మేనత్త గద్దించింది. తలుపు చాటు నించి నాయనమ్మ కూడా తిట్టింది. "మొండిదానా, తప్పే! అత్త చేతి ముద్ద తిను!" ఆ గొంతులో వణుకు విన్నాక నేను ఇంకా గట్టిగా బిగించాను.

అమ్మ నావంక చూసింది. లేచి మేనత్త చేతిలో పళ్లెం తీసుకుంది. గడప దాకా వెళ్లి నాయనమ్మ చేతుల్లో పెట్టింది. "మీరే రండత్తయ్యా. ఇది అన్నంత పనీ చేస్తుంది, నా కూతురు నాకు తెలీదా" అంది.

నాయనమ్మ గడప దాటి, గది మధ్యకొచ్చి, ముద్ద నా నోట్లో పెట్టింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి, నావీ అంతే. పెట్టి వెళ్లిపోతుందనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. కానీ ఆవిడ ముత్తైదువల మధ్య చతికిలబడి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం నించి పట్టలేని ఆత్రంతో అడిగింది:

"ఇప్పుడు చెప్పవే, ఆ పొడుగుదాన్ని ఎట్లా పట్టావు? మొదట్నించీ చెప్పు."